పాత స్టాక్ కార్ల ఆన్‌లైన్ టోర్నీ: పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఎవరెవరు దిగుతారు?

పర్లాకిమిడి43 | శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో మనం పెట్టుకున్న సిమ్ రేసు (నిజం కార్లలాగే కంప్యూటర్‌లో నడిపే ఆట) ఎలా ముగిసిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్ద ఓవల్ (ఎడమ మలుపులు మాత్రమే ఉండే గుండ్రటి ట్రాకు), ఇరవై కార్లు, ఇంకో పది ల్యాపులే, అంటే పది చుట్లే ఉన్నాయి. ముందున్న కారు తెర మీద మాయమై పక్క లేన్‌లో తేలింది. వెనక వస్తున్న ఆరు కార్లు గోడకు కొట్టుకున్నాయి. ఆ అన్న తప్పేమీ లేదు, వాళ్ళింట్లో నెట్ రెండు సెకన్లు ఆగిందంతే. నెల రోజులు ప్రాక్టీస్ చేసి వచ్చిన పిల్లలు అలా బయటికి పోతుంటే చూడలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి మళ్ళీ పెడదాం. 1950ల నుంచి 1980ల దాకా అమెరికాలో నడిచిన స్టాక్ కార్ రేసుల పద్ధతిలో. స్టాక్ అంటే షోరూంలో ఎవరైనా కొనుక్కోగల కారు. 1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ కొంతమందిని డేటోనా బీచ్‌లో ఒక హోటల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు, 1948లో ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్ పుట్టింది, 1949 జూన్ 19న షార్లట్‌లో మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసు జరిగింది. అప్పటి డ్రైవర్లలో కొందరు రాత్రిళ్ళు కొండదారుల్లో దొంగసారా తరలించి చెయ్యి తిరిగినవాళ్ళు. మన కొండల్లో ఇప్పసారా కథలు వింటూ పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

నాకు ఆ రేసులంటే ఇష్టం, ఎందుకంటే చేతిలో ఉన్న బండితో, ఊరి పక్క మట్టి ట్రాకు మీద మొదలైన ఆట అది. మన టోర్నీ కూడా అలాగే ఉండాలి. మొత్తం ఆరు రౌండ్లు. ట్రాకులు, రోజులు, పాయింట్లు, నెట్. ఈ నాలుగూ తేల్చాలి. చెప్పండి.

జయపురం_ఘాట్ | శుక్రవారం, రాత్రి 9:52

అన్నా, నేను రెడీ. కానీ రెక్కల కార్లు ఉండాలి. 1969 డాడ్జ్ ఛార్జర్ డేటోనా, 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్. వెనక అంత ఎత్తున రెక్క, ముందు ముక్కు. టాలడేగా ట్రాకు మలుపుల్లో 33 డిగ్రీల వాలు. 1970 మార్చి 24న బడ్డీ బేకర్ అక్కడే గంటకు 200 మైళ్ళు దాటాడు, మూసి ఉన్న ట్రాకు మీద అదే మొదటిసారి. రిచర్డ్ పెటీ అంతటి డ్రైవర్ ఫోర్డ్ నుంచి మళ్ళీ ప్లిమత్‌కి తిరిగొచ్చింది సూపర్‌బర్డ్ కోసమే. పాత స్టాక్ కార్లని పేరు పెట్టి ఇవి లేకుండా చేస్తే నాకు మనసు ఒప్పదు.

బరంపురం_సర్వర్ | శుక్రవారం, రాత్రి 10:30

తమ్ముడూ, నాకూ ఆ కార్లంటే ప్రాణమే. కానీ ఒక లెక్క చూడు.

గంటకు 200 మైళ్ళంటే 322 కిలోమీటర్లు, సెకనుకు దాదాపు 89 మీటర్లు. నీ నెట్ 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే నీ కారు నిజంగా ఉన్న చోటుకీ మాకు కనిపించే చోటుకీ మధ్య 9 మీటర్లు తేడా. కారు పొడవే ఐదు మీటర్ల పైచిలుకు. ఆ ట్రాకుల్లో గెలవాలంటే డ్రాఫ్టింగ్ చేయాలి, అంటే ముందు కారు బంపర్‌కి ఆనించినట్టు వెళ్ళాలి. కారు ఎక్కడుందో తెలియకుండా దానికి ఎలా ఆనుకుంటాం? పోయిన వేసవిలో జరిగింది ఇదే.

ఇప్పుడు మార్టిన్స్‌విల్ అనే చిన్న ట్రాకు చూడు. ల్యాపు 0.526 మైలు, కిలోమీటరు కూడా లేదు. పాత కార్లతో సగటు వేగం గంటకు 125 కిలోమీటర్లు అనుకుందాం. సెకనుకు 35 మీటర్లు. అదే 100 మిల్లీసెకన్లకు తేడా మూడున్నర మీటర్లు. మలుపులో ఇంకా తక్కువ. తగిలినా బంపర్ నొక్కుకుంటుంది, ఎగిరి గోడ మీద పడదు.

ఇంకో మాట. పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి రావడానికి నెట్‌కి పట్టే మిల్లీసెకన్లు) ఎంత అన్నదానికంటే అది నిలకడగా ఉందా లేదా అన్నది ముఖ్యం. ఎప్పుడూ 80లో ఉండే నెట్‌తో హాయిగా రేస్ చేయొచ్చు. ఒక నిమిషం 30, ఇంకో నిమిషం 200 ఉండే నెట్‌తో కష్టం. సర్వర్ ముంబైలో తీసుకుంటాను.

సిరొంచ_గోదారి | శుక్రవారం, రాత్రి 11:05

మహారాష్ట్ర వైపు నుంచి నేనొక్కడినే అనుకుంట. మా ఇంటికి ఫైబర్ లేదు, ఫోన్ నెట్ మీదనే ఆడతా. నాలాంటోళ్ళను తీసుకుంటరా లేదా ముందే చెప్పండి అన్నా, ఆశ పెట్టుకొని తర్వాత బాధపడొద్దు కదా.

బరంపురం_సర్వర్ | శుక్రవారం, రాత్రి 11:12

తప్పకుండా తీసుకుంటాం. ఫోన్‌ని వైఫై హాట్‌స్పాట్‌గా కాకుండా యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి, నిలకడ బాగుంటుంది. కిటికీ దగ్గర పెట్టండి. రేసు జరిగేటప్పుడు ఆ ఫోన్‌లో ఆటో అప్‌డేట్లు ఆపేయండి. టెస్ట్ రోజు చూద్దాం.

గుణుపురం_ప్యాసింజర్ | శనివారం, ఉదయం 7:20

నేను డిగ్రీ రెండో సంవత్సరం. నా దగ్గర స్టీరింగ్ వీల్ లేదు, కీబోర్డే. వీల్ కొనమని ఇంట్లో అడిగే పరిస్థితి కాదు. పోయినసారి రూల్స్‌లో వీల్ తప్పనిసరి అన్నారు కాబట్టి చూస్తూ కూర్చున్నాను. ఈసారైనా మార్చండి. ఇంకో సందేహం, ఎప్పుడూ ఎడమ పక్కకే తిరగడంలో అంత ఏముంది? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

బరంపురం_గ్యారేజ్ | శనివారం, ఉదయం 8:45

నేను ఆట ఆడను, మా అబ్బాయి ఆడతాడు. వాడి వెనక కూర్చుని చూస్తుంటాను. ముప్పై ఏళ్ళుగా బళ్ళ పనిలో ఉన్నాను, కాబట్టి ఎడమ మలుపు సంగతి నేను చెబుతానమ్మా.

ఆ పాత కార్లు దాదాపు 1,700 కిలోల బరువు. బరువులో ఎక్కువ భాగం ముందు, ఇంజిన్ వైపు. మలుపులోకి వెళ్ళగానే ఆ బరువు కుడి వైపు ముందు టైరు మీద పడుతుంది. బ్రేకు తొక్కుతూ స్టీరింగ్ తిప్పావా, ఆ టైరు చేతులెత్తేస్తుంది, బండి తిరగదు. మలుపు మధ్యలో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కావా, వెనక టైర్లు జారి బండి అడ్డం తిరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి, వదిలి, బండిని దానంతట అది దొర్లనిచ్చి, ముక్కు తిన్నబడ్డాక మెల్లగా తొక్కాలి. ఒకసారి చేయడం ఎవరికైనా వస్తుంది. వంద ల్యాపులు, రెండొందల సార్లు, టైరు అరిగిపోతుండగా, పక్కన ఇంకో బండి ఉండగా చేయాలి. ఆటంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి, వాళ్ళు రేడియల్ టైర్లకు మారింది 1989 నుంచి. అంతకుముందువి మన లారీలవాళ్ళు నైలాన్ టైర్లు అంటారే, ఆ రకం. నైలాన్ టైరు జారబోయే ముందు డ్రైవర్‌కి చెబుతుంది, కొంచెం కొంచెంగా వదులుతుంది. రేడియల్ పట్టు ఎక్కువ, వదిలితే ఒక్కసారే వదిలేస్తుంది. అందుకే కీబోర్డుతో ఆడేవాళ్ళకు పాత కార్లే నయమని నా అభిప్రాయం. దిద్దుకోవడానికి టైము ఇస్తాయి.

పర్లాకిమిడి43 | శనివారం, ఉదయం 10:10

మామయ్యా, ఇంత వివరంగా నాకూ ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

గుణుపురం చెల్లీ, వీల్ రూల్ తీసేశాను. పోయినసారి అది పెట్టడం నా పొరపాటు. మనం ఆడబోయే సిమ్ అసెట్టో కోర్సాలో మౌస్‌తో స్టీరింగ్ తిప్పే సెట్టింగ్ కూడా ఉంది, కీబోర్డు కంటే అది మెత్తగా ఉంటుంది, ప్రయత్నించు.

ఆ సిమ్ ఎందుకన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఐరేసింగ్ అనే సిమ్‌లో 1987 నాటి మాంటే కార్లో, థండర్‌బర్డ్ కార్లు చక్కగా ఉన్నాయి, పసుపు జెండా పద్ధతి (ప్రమాదం జరిగితే అందరూ వేగం తగ్గించి వరసలో వెళ్ళడం) దానంతట అదే నడుస్తుంది. కానీ నెల నెలా చందా కట్టాలి, చాలా కార్లూ ట్రాకులూ విడిగా కొనాలి. మనలో సగం మంది విద్యార్థులు. నాస్కార్ రేసింగ్ 2003 సీజన్ అద్భుతమైన ఆట, ఇప్పుడు అమ్మకంలో లేదు. అసెట్టో కోర్సా ఒకసారి కొంటే చాలు, పాత కార్లూ ట్రాకులూ మాడ్స్‌గా (ఆడేవాళ్ళే తయారుచేసి పెట్టినవి) దొరుకుతాయి, సర్వర్ మనమే నడుపుకోవచ్చు. అదే ఖాయం.

జయపురం_ఘాట్ | శనివారం, మధ్యాహ్నం 1:30

సర్వర్ అన్న లెక్క రాత్రంతా ఆలోచించాను. ఒప్పుకుంటున్నాను. కానీ ఆరు రౌండ్లూ చిన్న ఓవల్స్ అయితే మాలాంటి ఘాట్ రోడ్డు మనుషులకు కొంచెం వెలితి. స్టాక్ కార్లు రోడ్ కోర్సుల మీద కూడా పరిగెత్తాయి కదా. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ ఉండేది, 1989లో మూతపడింది. అది ఒక రౌండ్ పెడితే కుడి మలుపులు కూడా ఉంటాయి, రెక్కల కార్ల సంగతి ఇక ఎత్తను.

పర్లాకిమిడి43 | శనివారం, మధ్యాహ్నం 2:00

రివర్‌సైడ్ ఖాయం. రెక్కల కార్లు పాయింట్లు లేకుండా, ఆఖర్లో ఒక రాత్రి సరదాగా పెడదాం.

నార్త్ విల్క్స్‌బరో కూడా నాకు తప్పనిసరి, కారణం చెబుతాను. 1996 తర్వాత అక్కడ పెద్ద రేసులు ఆగిపోయాయి, ట్రాకంతా పిచ్చిమొక్కలు మొలిచాయి. 2019 డిసెంబరులో పేరున్న డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ జూనియర్ మనుషులను వెంటబెట్టుకుని వెళ్ళి శుభ్రం చేయించాడు, సిమ్‌లో పెట్టడానికి స్కాన్ చేశారు. కంప్యూటర్‌లో బతికిన ట్రాకు మీద జనానికి ప్రేమ తిరిగొచ్చింది. 2023లో నిజంగానే అక్కడ ఆల్ స్టార్ రేసు జరిగింది. మనం ఆడేది ఉత్త ఆట అనేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.

గుణుపురం_ప్యాసింజర్ | శనివారం, సాయంత్రం 5:15

ఈ కథ మా నాన్నకు చదివి వినిపించాను అన్నయ్యా. మా లైను చిన్న రైలు ఆగిపోయి మళ్ళీ పెద్ద పట్టాల మీద తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చిందన్నారు.

ఛత్రపురం_మాష్టారు | శనివారం, రాత్రి 8:40

పాయింట్ల గురించి నా మాట. 1975 నుంచి 2003 దాకా నడిచిన పద్ధతి తీసుకోండి. మొదటి స్థానానికి 175, రెండుకు 170, అలా ఆరో స్థానం దాకా ఐదేసి తగ్గుతూ 150. అక్కణ్ణుంచి పదకొండో స్థానం దాకా నాలుగేసి, ఆ తర్వాత మూడేసి. ఒక్క ల్యాపు ముందున్నా 5 అదనం, అందరికంటే ఎక్కువ ల్యాపులు ముందున్నవాళ్ళకు ఇంకో 5.

ఈ పద్ధతి నిలకడకు పట్టం కడుతుంది. 1985లో బిల్ ఇలియట్ 11 రేసులు గెలిచాడు, డారెల్ వాల్ట్రిప్ గెలిచింది 3. ఛాంపియన్ వాల్ట్రిప్. 1992లో ఆఖరి రేసు ఇలియటే గెలిచాడు. అయినా అలన్ కుల్వికీ 103 ల్యాపులు, ఇలియట్ 102 ల్యాపులు ముందుండటంతో ఆ ఐదు పాయింట్లు కుల్వికీకి వెళ్ళాయి, 10 పాయింట్ల తేడాతో టైటిల్ అతనిదే అయింది. ప్రతి ల్యాపుకూ విలువ ఉంటే పదో స్థానంలో ఉన్న పిల్లవాడు కూడా రేసు వదిలేసి వెళ్ళడు.

జయపురం_ఘాట్ | శనివారం, రాత్రి 9:05

మాష్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను, పదకొండు గెలిచినవాడు ఓడిపోవడం న్యాయమా?

ఛత్రపురం_మాష్టారు | శనివారం, రాత్రి 9:20

ఆ ఏడాది ఇలియట్ అభిమానులందరూ అడిగిన ప్రశ్నే బాబూ. మామూలుగా అయితే నేనూ నీ వైపే మొగ్గేవాడిని. కానీ మన దగ్గర సగం గెలుపోటములు కరెంటు చేతిలో ఉంటాయి. గెలుపుకు మరీ ఎక్కువ ఇస్తే, మంచి ఇన్వర్టర్ ఉన్న ఇల్లే గెలుస్తుంది. పైగా ఆరు రౌండ్లలో ఒకటి, అతి తక్కువ వచ్చినది, ప్రతి ఒక్కరికీ లెక్కలోంచి తీసేయాలి. ఒక రాత్రి కరెంటు పోయినంత మాత్రాన సీజన్ పోకూడదు.

బరంపురం_సర్వర్ | శనివారం, రాత్రి 9:48

నేను దీనికి ఒకటి కలుపుతాను. వంద ల్యాపుల రేసు ఒకటి కాకుండా యాభై చొప్పున రెండు. మార్టిన్స్‌విల్‌లో ల్యాపు పాతిక సెకన్ల లోపే, అంటే ఒక్కోటి ఇరవై నిమిషాలు. మొదటి దాంట్లో నెట్ పోయినవాళ్ళు రెండో దాంట్లో చేరతారు. రెండిటి పాయింట్లూ కలుపుదాం.

పర్లాకిమిడి43 | శనివారం, రాత్రి 10:00

రెండూ ఒప్పుకున్నాను. పసుపు జెండా మాటేంటి? 2003 దాకా పసుపు జెండా పడినా గీత దాటేదాకా పోటీ పడేవాళ్ళు. పాత రేసు కాబట్టి అలాగే చేద్దామా?

బరంపురం_గ్యారేజ్ | శనివారం, రాత్రి 10:25

వద్దు. అడ్డంగా ఆగి ఉన్న బండి వైపు స్పీడుగా దూసుకెళ్ళడం ప్రమాదమనే వాళ్ళు మానేశారు. మనది ఆటే అయినా పిల్లలకు ఆ అలవాటు చేయకండి. ఈ కుర్రాళ్ళే రేపు జాతీయ రహదారి మీద బండి నడుపుతారు.

బరంపురం_సర్వర్ | శనివారం, రాత్రి 10:40

అసెట్టో కోర్సాలో అది ఆటోమేటిక్‌గా రాదు, మనమే చెప్పుకోవాలి. వాయిస్ చాట్‌లో ఒక్కరే, రేసులో లేనివాళ్ళు, "పసుపు" అంటారు. అందరూ 80 కిలోమీటర్ల వేగానికి తగ్గి వరసలో వెళ్ళాలి. ఆ మాట అన్న క్షణానికి ఎవరు ఎక్కడున్నారో రీప్లేలో చూసి అదే వరస. మూడు కార్ల కంటే ఎక్కువ ఇరుక్కుంటేనే పసుపు. ఊరికే ఒక కారు తిరిగితే ఆట ఆగదు.

కార్లకు కూడా ఒకే సెటప్, సర్వర్ నుంచే. కారు ఫైళ్ళు మార్చితే సర్వర్ పట్టుకుని బయటికి పంపేస్తుంది.

ఛత్రపురం_మాష్టారు | శనివారం, రాత్రి 11:00

బాగుంది. 1949లో మొదటి రేసు ముందు గీత దాటింది గ్లెన్ డనవే. తర్వాత చూస్తే ఆ కారు వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి, సారా బరువు మోయడానికి చేయించినవి. గెలుపు తీసేసి జిమ్ రోపర్‌కి ఇచ్చారు. తనిఖీ మొదటి రోజు నుంచే ఈ ఆటలో భాగం.

ఫలితం కూడా ఆ రాత్రే ప్రకటించకండి. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో వెండెల్ స్కాట్ గెలిచాడు. ఆ స్థాయిలో గెలిచిన మొదటి నల్లజాతి డ్రైవర్ ఆయన. కానీ ముందు బక్ బేకర్ గెలిచాడని చెప్పి ట్రోఫీ అతనికిచ్చారు. ల్యాపులు మళ్ళీ లెక్కపెట్టి స్కాటే గెలిచాడని ఒప్పుకునే సరికి జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. చప్పట్లు అందాల్సిన మనిషికి అందలేదు. మన దగ్గర అలా జరగకూడదు. రీప్లే చూసి, ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ చెబుదాం.

రాయగడ71 | ఆదివారం, ఉదయం 6:50

తేదీల గురించి చెబుతాను. అక్టోబరు, నవంబరు అసలు వద్దు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ తర్వాత గజపతి జిల్లాలో మా అత్తగారి ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక ఫోన్లు ట్రాక్టర్ బ్యాటరీకి పెట్టి ఛార్జ్ చేసుకున్నాం. ఆ నెలల్లో పిల్లలను రేసు పేరుతో కూర్చోబెట్టకండి. ఫిబ్రవరి నుంచి పరీక్షలు. ఆ తర్వాత చైత్రంలో బరంపురంలో ఠాకూరాణి యాత్ర వచ్చే ఏడాదైతే అటు ఎవరూ దొరకరు. డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా మంచిది. సంక్రాంతి వారం వదిలేయండి.

పర్లాకిమిడి43 | ఆదివారం, ఉదయం 9:30

అలాగే చేద్దాం అన్నా. శనివారాలు, రాత్రి తొమ్మిదిన్నర. మార్టిన్స్‌విల్, నార్త్ విల్క్స్‌బరో, బ్రిస్టల్, రివర్‌సైడ్, మళ్ళీ మార్టిన్స్‌విల్, ఫైనల్ డార్లింగ్‌టన్.

డార్లింగ్‌టన్ ట్రాకు 1950లో తెరిచారు. స్థలం ఇచ్చినాయన తన చేపల చెరువు పూడ్చడానికి ఒప్పుకోలేదు, అందుకని ఒక చివర మలుపు ఇరుకు చేశారు. ట్రాకు గుడ్డు ఆకారంలో వచ్చింది. రెండు చివర్లూ రెండు రకాలు, ఒకదానికి కుదిరిన పద్ధతి రెండోదానికి కుదరదు. ఛాంపియన్‌ని తేల్చడానికి అదే సరైన చోటు.

ఎంట్రీ ఫీజు లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. అందరి దగ్గరా వసూలు చేసి గెలిచినవాళ్ళకు పంచే పద్ధతి జోలికే వెళ్ళను. సర్వర్ ఖర్చు నాదీ సర్వర్ అన్నదీ. బహుమతి గురించి ఒక కోరిక ఉంది. మార్టిన్స్‌విల్‌లో 1964 నుంచి గెలిచినవాళ్ళకు నిలువెత్తు గడియారం ఇస్తున్నారు, ఆ ఊళ్ళో ఫర్నిచర్ పని ఉండేది కాబట్టి. మనం బరంపురం పట్టు కండువా ఇద్దాం.

ఛత్రపురం_మాష్టారు | ఆదివారం, ఉదయం 10:15

కండువా నేను కొంటాను. కామెంటరీ కూడా నాకే వదిలేయండి, తెలుగులో చెబుతాను. పర్లాకిమిడిలో మాష్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. ఆ ఊరి పిల్లలు పెట్టే రేసుకు కామెంటరీ ఇంగ్లీషులో ఉంటే నాకు నచ్చదు. పిట్, ల్యాప్, డ్రాఫ్ట్ అలాగే ఉంచుతాను. మిగతాదంతా మనం ఇంట్లో మాట్లాడుకునే మాట.

బరంపురం_సర్వర్ | తర్వాతి శనివారం, రాత్రి 11:55

టెస్ట్ అయింది. మార్టిన్స్‌విల్, 14 కార్లు, యాభై ల్యాపులు రెండుసార్లు. సిరొంచ తమ్ముడి పింగ్ కేబుల్‌తో 90 దగ్గర నిలబడింది, ఒక్క కారుకి కూడా అతని వల్ల ఇబ్బంది రాలేదు. మొదటి దాంట్లో ఇద్దరికి కరెంటు పోయింది, ఇద్దరూ రెండో దాంట్లో ఆడారు. గుణుపురం అమ్మాయి మౌస్‌తో ఆడి రెండోదాంట్లో ఐదో స్థానం. ఆఖరి పది ల్యాపుల్లో నలుగురు వెనక టైర్లు అరగదీసుకుని జారుతుంటే తను ఒక్కసారి కూడా జారలేదు. మామయ్య చెప్పింది అక్షరాలా పాటించింది.

గుణుపురం_ప్యాసింజర్ | ఆదివారం, ఉదయం 6:30

కారు తలుపు మీద మా నాన్న సైకిల్ షాపు పేరు రాసుకోవచ్చా? ఆ రోజుల్లో ఊరి షాపుల పేర్లు రాసేవాళ్ళట కదా.

పర్లాకిమిడి43 | ఆదివారం, ఉదయం 7:00

తప్పకుండా రాయి. బొమ్మ పంపు, నేనే కారు మీద ఎక్కిస్తాను. అందరూ తమ ఊరి షాపు పేరు ఒకటి పంపండి.

రాయగడ71 | ఆదివారం, ఉదయం 8:10

పోయిన వేసవిలో నెట్ ఆగింది నాదే. ఆరుగురి రేసు నా వల్ల పోయింది. ఇన్ని రోజులూ ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదు, టెస్ట్‌కి కూడా రాలేకపోయాను. ఆ ఆరుగురికీ క్షమాపణ. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయిన క్షణంలో రౌటర్ ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఇప్పుడు రౌటర్‌కి మాత్రమే ఒక చిన్న బ్యాటరీ పెట్టాను, నాలుగుసార్లు మెయిన్ స్విచ్ ఆపి చూశాను, నెట్ తెగలేదు. 71 నంబరు ఇంకా ఖాళీగా ఉంటే అడుగుతున్నాను.

జయపురం_ఘాట్ | ఆదివారం, ఉదయం 8:25

అన్నా, ఆ ఆరుగురిలో నేనొకణ్ణి. క్షమాపణ ఎందుకు, మీరు రండి. ఆ రౌటర్ బ్యాటరీ ఏదో చెప్పండి, నాకూ కావాలి.

పర్లాకిమిడి43 | ఆదివారం, ఉదయం 8:40

71 మీ కోసమే ఉంచాను అన్నా, పేరు రాసేశాను. ప్రాక్టీస్ సర్వర్ బుధవారం రాత్రి తొమ్మిదికి తెరుస్తాను.